సవ్యమా? అపసవ్యమా?

బయలుదేరిన చోటికే తిరిగి చేర్చే దారికి ఒక విశిష్టత ఉంది. దానికి సహజమైన మొదలు గాని, తుద గాని ఉండవు. మనం కాలు మోపిన చోటే ఆరంభం. మళ్లీ అక్కడికి వచ్చి ఆగితే అదే గమ్యం. కొండలను చుట్టి వచ్చే అటువంటి వలయమార్గంలో సైకిలుపై సాగదలచిన వానికి మొట్టమొదట ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే. ఎటు నుంచి ఎటు తిరగాలి? గడియారపు ముల్లు తిరిగే సవ్యదిశలోనా, దానికి విరుద్ధమైన అపసవ్యదిశలోనా?

ఎటు తిరిగినా దూరం ఒకటే, ఎక్కవలసిన ఎత్తు ఒకటే, చూడవలసిన చెట్లూ సెలయేళ్లూ అవే. మరి ఇందులో ఆలోచించవలసింది ఏముంది అని చాలామంది అనుకుంటారు. నాణెం ఎగురవేసి నిర్ణయించుకునే వారూ ఉన్నారు, ముందు వెళ్లిన వాని వెంట పోయే వారూ ఉన్నారు. ఈ ఉదాసీనత సరైనది కాదని నా అభిప్రాయం. దిశను ఎన్నుకోవడం ప్రయాణంలోని మొదటి నిర్ణయం మాత్రమే గాక, అత్యంత ప్రధానమైన నిర్ణయం కూడా. ఎందుకంటే చక్రం కదిలిన తరువాత దానిని మార్చుకోవడం దాదాపు అసాధ్యం.

సాహిత్య విద్యార్థులకు ఈ విషయం సులభంగానే బోధపడాలి. పదిహేడవ శతాబ్దికి చెందిన వేంకటాధ్వరి సంస్కృతంలో 'రాఘవయాదవీయం' అనే కావ్యాన్ని రచించాడు. అందులోని 30 శ్లోకాలను ముందు నుంచి చదివితే రామకథ వస్తుంది. అవే అక్షరాలను చివరి నుంచి వెనుకకు చదివితే కృష్ణకథ వస్తుంది. దీనిని అనులోమ విలోమ కావ్యం అంటారు. మన పింగళి సూరన 'రాఘవపాండవీయం' వేరు. అక్కడ ఒకే దిశలో చదువుతూ రెండర్థాలు గ్రహిస్తాము. వేంకటాధ్వరి కావ్యంలోనైతే చదివే దిశ మారడం చేతనే కథ మారుతుంది. కొండదారి కూడా ఇటువంటి కావ్యమే. ఒక వైపు నుంచి అది ఆరోహణం, మరొక వైపు నుంచి అవరోహణం. విశాఖపట్నం నుంచి శృంగవరపుకోట మీదుగా అనంతగిరి ఎక్కి, అరకు చూసుకొని, పాడేరు ఘాట్ రోడ్డున దిగి, మాడుగుల, చోడవరం మీదుగా ఇంటికి చేరవచ్చు. ఇదే దారిని తిరగేసి చోడవరం వైపు నుంచి మొదలుపెట్టవచ్చు. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకులోయకు రెండు విధాలా చేరతాము. కాని ఏ ఘాట్‌ను చెమటోడ్చి ఎక్కుతామో, ఏ ఘాట్‌ను బ్రేకులు పట్టుకొని దిగుతామో తారుమారవుతాయి. ఆ రెండూ ఒకే ప్రయాణం అనగలమా?

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. 500 మీటర్ల ఎత్తైన ఒక కొండను ఊహించుకోండి. దానికి ఒక పక్క నిటారుగా, మరొక పక్క నెమ్మదిగా వాలిన రోడ్లు ఉన్నాయి. మొదటి దానిలో ప్రతి 100 మీటర్లకు 8 మీటర్ల ఎత్తు పెరుగుతుంది. రెండవ దానిలో 4 మీటర్లే. కనుక నిటారు దారి పొడవు ఆరుంపావు కిలోమీటర్లు, నెమ్మది దారి పొడవు పన్నెండున్నర కిలోమీటర్లు. మనిషి, సైకిలు, సంచి అన్నీ కలిసి 80 కిలోల బరువు అనుకుందాం. ఆ బరువును 500 మీటర్లు పైకి చేర్చడానికి సుమారు 3,92,000 జౌళ్ల శక్తి కావాలి. ఏ పక్క నుంచి ఎక్కినా ఇందులో మార్పు లేదు. దిగేటప్పుడు ఈ శక్తి అంతా తిరిగి బయటపడవలసిందే. కొంత భాగాన్ని గాలి హరిస్తుంది, కొంత చక్రాల రాపిడిలో పోతుంది, మిగిలినదంతా బ్రేకులలో వేడిగా మారుతుంది.

అసలు భేదం ఇక్కడే ఉంది. 4 శాతం వాలులో బ్రేకు వేయకుండా వదిలివేస్తే సైకిలు గంటకు సుమారు 33 కిలోమీటర్ల వేగం వద్ద తనంతట తానే నిలకడకు వస్తుంది. ఆ వేగంలో గాలి నిరోధమూ రాపిడీ కలిసి వాలు లాగే బలానికి సమానమవుతాయి. అదే 8 శాతం వాలులో ఆ నిలకడ వేగం సుమారు 50 కిలోమీటర్లు. వేగం ఒకటిన్నర రెట్లయితే ఆగడానికి పట్టే దూరం రెండింతలకు పైగా పెరుగుతుంది. మలుపు అవతల గేదెల మంద నిలుచున్నదో, లారీ చెడిపోయి ఆగి ఉన్నదో ఎవరికి తెలుసు?

పోనీ, వేగాన్ని 20 కిలోమీటర్లకు అదుపు చేసి జాగ్రత్తగా దిగుతామన్నారనుకోండి. అప్పుడు నిటారు వాలులో బయటపడే శక్తిలో నాలుగింట మూడు వంతులు బ్రేకుల మీదనే పడుతుంది. అదే వేగంతో నెమ్మది వాలులో దిగితే క్షణక్షణమూ బ్రేకుల మీద పడే భారం అందులో సుమారు మూడో వంతు మాత్రమే. అరిగిన బ్రేకు రబ్బర్లు, తడిసిన రిమ్ములు, సాగిపోయిన బ్రేకు తీగలు ఉన్న సైకిలుకు ఈ తేడా ప్రాణావసరమైనది. ఎడతెగని రాపిడితో రిమ్ము వేడెక్కి లోపలి ట్యూబు పేలిపోయే ప్రమాదం కూడా నిటారు వాలులోనే అధికం.

అందువలన నా సిద్ధాంతం ఇది. నిటారు పక్కన ఎక్కాలి, నెమ్మది పక్కన దిగాలి. వలయమార్గం దిశను ఎక్కుడును చూసి నిర్ణయించరాదు. దిగుడును చూసి నిర్ణయించాలి.

దీనికి యువకులు చెప్పే ఆక్షేపణ నాకు తెలియనిది కాదు. "నెమ్మదిగా వాలిన వైపు నుంచి ఎక్కితే శ్రమ తెలియదు, నిటారు వైపు దిగితే వేగం, ఉల్లాసం. శ్రమ తక్కువ, ఆనందం ఎక్కువ. ఇంతకన్న మంచి ఏర్పాటు ఏముంది?" అని వారి వాదం. ఇందులో అసత్యం లేదు. మన విద్యార్థులలో చాలామంది సైకిళ్లకు గేర్లు ఉండవు. 8 శాతం ఎక్కుడులో గేర్లు లేని సైకిలు తొక్కడం మల్లయోధునికి కూడా కష్టమే. మోకాళ్లు పట్టివేస్తాయి, ఊపిరి అందదు. అయితే ఒక మాట. ఎక్కలేకపోతే ఏమవుతుంది? సైకిలు దిగుతాము, హ్యాండిలు పట్టుకొని నడిపించుకుంటూ పోతాము. నిటారు దారి పొడవునా, అంటే ఆరుంపావు కిలోమీటర్లూ, గంటకు 4 కిలోమీటర్ల చొప్పున నడిచినా గంటా 34 నిమిషాలలో శిఖరం చేరతాము. నెమ్మది దారిలో గంటకు 10 కిలోమీటర్ల వేగంతో తొక్కినవానికి గంటంబావు పడుతుంది. దిగడానికి పట్టే కాలం కూడా కలిపి చూస్తే, నిటారు పక్క నడిచి ఎక్కి నెమ్మది పక్క 30 కిలోమీటర్ల వేగంతో దిగినవాడు, నెమ్మది పక్క తొక్కుతూ ఎక్కి నిటారు పక్క 20 కిలోమీటర్ల వేగంతో జాగ్రత్తగా దిగినవాని కన్న దాదాపు 25 నిమిషాలు వెనుకబడతాడు. భద్రతకు మనం చెల్లించే వెల ఆ 25 నిమిషాలే.

ఎక్కుడులో ఓడిపోయినవానికి నష్టం కాలం. దిగుడులో ఓడిపోయినవానికి నష్టం ఏమిటో వేరుగా చెప్పనక్కరలేదు. "దిగేటప్పుడు మాత్రం నడిపించుకుంటూ రాకూడదా?" అని మీరు అడగవచ్చు. రావచ్చు, తప్పక రావచ్చు. కాని కష్టపడి శిఖరానికి చేరినవాడు, ఎదుట పల్లం కనిపిస్తూ ఉండగా, స్నేహితులు ఈలలు వేస్తూ జారిపోతూ ఉండగా, సైకిలు దిగి నడుస్తాడా? మానవ స్వభావం అంత సాధువైనది కాదు. అప్పుడు మనస్సును నిగ్రహించుకోవడం కన్న, అటువంటి అవసరం రాని దిశను ముందే ఎన్నుకోవడం వివేకం.

దిగుడు విషయంలో పెద్దల ఏర్పాట్లు కూడా ఈ వివేకాన్నే బోధిస్తాయి. తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డు 1944లో, రెండవది 1974లో ఏర్పడ్డాయి. పైకి వెళ్లే వాహనాలు రెండవ దారిన వెళ్తాయి. కిందికి వచ్చేవి 36 హెయిర్‌పిన్ మలుపులు గల మొదటి దారిన వస్తాయి. రెండు దారులూ కలిసి ఒకే దిశలో తిరిగే వలయమయ్యాయి. మలుపులో ఎదురుబొదురుగా రెండు బస్సులు తారసపడే భయం లేకుండా పోయింది. అంతటితో ఆగక, ఎక్కే వాహనానికి కనీసం 28 నిమిషాలు, దిగే వాహనానికి కనీసం 40 నిమిషాలు పట్టాలని అక్కడ నియమం పెట్టారు. అంతకు ముందే కింద ప్రత్యక్షమైన వానికి జరిమానా. ఎక్కడానికన్న దిగడానికి ఎక్కువ కాలం కేటాయించిన ఆ నియమంలోని అంతరార్థాన్ని గమనించండి. యంత్రబలం ఉన్న వాహనాలకే ఇంత జాగ్రత్త అవసరమైతే, రెండు రబ్బరు ముక్కలను నమ్ముకున్న సైకిలు మాటేమిటి? నీలగిరులలో కూడా వేసవి రద్దీ రోజులలో వాహనాలు కూనూరు మీదుగా ఎక్కి, కోటగిరి మీదుగా దిగేటట్లు ఏర్పాటు చేస్తారు. దిశ అనేది ఎవరి ఇష్టానికి వారు వదిలివేయదగిన విషయం కాదని ఇవి నిరూపిస్తున్నాయి.

ఇక వాలు ఒక్కటే ప్రమాణమా అంటే, కాదు. రోడ్డు స్థితిని కూడా చూడాలి. గుంతలు పడి, కంకర లేచిన రోడ్డు ఒక పక్కా, నున్నని తారు రోడ్డు మరొక పక్కా ఉంటే, వాలు ఎలా ఉన్నా చెడ్డ రోడ్డున ఎక్కి మంచి రోడ్డున దిగడమే మేలు. గంటకు 8 కిలోమీటర్ల వేగంలో గుంత చికాకు మాత్రమే కలిగిస్తుంది. 40 కిలోమీటర్ల వేగంలో అదే గుంత మనిషిని నేలపాలు చేస్తుంది. నెమ్మది వాలు గల దారి ఇరుకై, లారీల రాకపోకలతో నిండి ఉంటే నా సిద్ధాంతాన్ని కూడా సడలించుకోవలసిందే. నియమాలు బుద్ధికి తోడుగా ఉండాలి గాని, దాని స్థానాన్ని ఆక్రమించరాదు.

మన సంప్రదాయం దిశకు పవిత్రతను ఆపాదించింది. దేవుని కుడిచేతి వైపు ఉంచుకొని తిరగడమే ప్రదక్షిణం. సింహాచల గిరిప్రదక్షిణం ఇందుకు మనకు బాగా తెలిసిన ఉదాహరణ. ఆషాఢ పూర్ణిమ సందర్భంగా లక్షలాది భక్తులు తొలిపావంచా వద్ద బయలుదేరి, అడవివరం, హనుమంతవాక, మాధవధార, గోపాలపట్నం మీదుగా 32 కిలోమీటర్లు నడిచి కొండను చుట్టి వస్తారు. కొండ ఎల్లప్పుడూ వారి కుడివైపునే ఉంటుంది. పాదచారుల భక్తికి ఈ దిశ సర్వవిధాలా తగినది. కాని మామూలు రోజులలో అదే వలయాన్ని సైకిలుపై చుట్టదలచిన విద్యార్థి మరొక సంగతి ఆలోచించాలి. మన దేశంలో వాహనాలు రోడ్డుకు ఎడమపక్కగా నడవాలి. సవ్యదిశలో తిరిగేవాడు ప్రధాన కూడళ్లలో కుడివైపుకు మళ్లవలసి వస్తుంది. అడవివరం నుంచి వచ్చి హనుమంతవాక వద్ద నగరం వైపు తిరగాలంటే జాతీయ రహదారిని అడ్డంగా దాటాలి. గోపాలపట్నంలో సింహాచలం దారి పట్టాలన్నా ఎదురువచ్చే వాహనాలకు అడ్డంగా పోవాలి. అపసవ్యదిశలో తిరిగేవానికి ఈ రెండు చోట్లా ఎడమవైపు మలుపులే వస్తాయి. రోడ్డు దాటే పని ఉండదు.

కొండను చుట్టే ఇరుకు దారులలో ఇంకొక భేదం ఉంది. అపసవ్యదిశలో ఎడమపక్కగా పోయేవానికి కొండగోడ పక్కనే ఉంటుంది. సవ్యదిశలో పోయేవాడు లోయ అంచున ఉంటాడు. కొండగోడ పక్కన కూడా వానాకాలంలో జారిపడిన రాళ్లూ, పొంగిన కాలువలూ ఉంటాయి గనుక, ఆ కాలంలో జాగ్రత్త వహించాలి. భక్తికి ప్రదక్షిణం, చక్రానికి అపసవ్యం అని నేను చెబితే సంప్రదాయానికి అపచారం చేసినట్లు భావించనక్కరలేదు. ప్రదక్షిణం నడకకు ఏర్పడిన ఆచారం. రోడ్డు నియమం వాహనానికి ఏర్పడిన ధర్మం. దేని చోటు దానిది.

గాలి దేవుని కూడా విస్మరించరాదు. నిశ్చలమైన గాలిలో గంటకు 20 కిలోమీటర్ల వేగంతో పోయేవానికి కలిగే నిరోధాన్ని 4 పాళ్లు అనుకుందాం. 10 కిలోమీటర్ల వేగంతో ఎదురుగాలి వీస్తే అది 9 పాళ్లవుతుంది. అంతే వేగంతో వెనుకగాలి వీస్తే 1 పాలవుతుంది. ఎదురుగాలి వలన పెరిగేది 5 పాళ్లు, వెనుకగాలి వలన తగ్గేది 3 పాళ్లే. అంటే వెళ్లేటప్పుడు పోగొట్టుకున్నది వచ్చేటప్పుడు పూర్తిగా తిరిగి రాదు. కనుక గాలి ధాటి ఎక్కువగా ఉండే దారిలో అది మన వీపును తాకేటట్లు చూసుకోవాలి. విశాఖపట్నం నుంచి సముద్రతీరం వెంట భీమునిపట్నానికి సుమారు 25 కిలోమీటర్ల దారి ఉంది. కైలాసగిరి పాదం, రుషికొండ, తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బల పక్కగా ఎత్తుపల్లాలతో సాగే ఆ దారి గాలికి పూర్తిగా తెరచి ఉంటుంది. అక్కడి నుంచి తగరపువలస, ఆనందపురం, మధురవాడల మీదుగా తిరిగివచ్చే దారి కొంత మరుగున ఉంటుంది. వేసవిలో ఈ తీరాన నైరుతి గాలి వీస్తుంది గనుక, తీరం వెంట వెళ్లి లోపలి దారిన తిరిగి రావడం మేలు. శీతకాలంలో ఈశాన్యపు గాలి వీచే రోజులలో దీనిని తారుమారు చేయాలి. ఒకే వలయానికి ఋతువును బట్టి రెండు సమాధానాలు!

సూర్యుడు కూడా ఇందులో భాగస్వామియే. ఉదయం తూర్పుముఖంగా, సాయంకాలం పడమటి ముఖంగా దిగుతూ ఉంటే ఎండ కళ్లలో పడి ఎదుటి గుంత కనిపించదు. వెనుక నుంచి వచ్చే డ్రైవరుకు కూడా మనం కనిపించము. ఎక్కేటప్పుడు వేగం ఉండదు గనుక ఒంటికి గాలి తగలదు. చైత్ర వైశాఖాలలో ఎక్కుడును ఉదయం 8 గంటల లోపునే ముగించాలి. ఇంతకు ముందు చెప్పిన వలయపు విశిష్టత ఇక్కడ మనకు సాయపడుతుంది. దిశతో పాటు ఆరంభస్థానం కూడా మన చేతిలోనే ఉంది. దిగుడును బట్టి దిశను నిర్ణయించుకొని, ఎండను బట్టి బయలుదేరే చోటును మార్చుకోవచ్చు. రెండు నిర్ణయాలను ఒకటిగా భావించడం వలననే చాలామంది చిక్కులలో పడుతున్నారు.

చివరిగా, అన్నిటికన్న ముఖ్యమైన ప్రశ్న. ఈ నిర్ణయం ఎవరు చేయాలి? పదిమంది విద్యార్థులు కలిసి బయలుదేరినప్పుడు సాధారణంగా గేర్ల సైకిలు ఉన్నవాడు, గొంతు పెద్దదైనవాడు నాయకుడవుతాడు. అతనికి ఏ దిశ అయినా ఒకటే. అతని బ్రేకులు కొత్తవి, అతని కాళ్లు బలమైనవి. అన్నగారు వాడి వదిలిన పాత సైకిలుతో వచ్చిన విద్యార్థి వెనుక మౌనంగా నిలబడి ఉంటాడు. బ్రేకు రబ్బర్లు అరిగిపోయాయని చెప్పుకోవడానికి అతనికి సిగ్గు. కొండ ఎక్కడం తెలియని అమ్మాయి "నాకు భయం" అనడానికి సంకోచిస్తుంది. ఎక్కుడులో వెనుకబడిన వారి కోసం శిఖరాన అందరూ ఆగుతారు. దిగుడులో ఎవరూ ఆగరు. వెనుకబడినవాడు ఒంటరిగా మిగిలిపోయి, మిగతావారిని అందుకోవాలనే ఆత్రంతో తన శక్తికి మించిన వేగంతో దిగుతాడు. ఆపద అతని కోసమే కాచుకొని ఉంటుంది.

కాబట్టి బయలుదేరే ముందు ప్రతి సైకిలు బ్రేకులనూ పరీక్షించండి. అందరిలోకీ బలహీనమైన సైకిలు ఏది, అందరిలోకీ అనుభవం లేనివారు ఎవరు అని తెలుసుకోండి. ఏ దిశలో ఆ ఒక్కరు సుఖంగా దిగగలరో ఆ దిశనే అందరూ అంగీకరించండి. దిగేటప్పుడు అనుభవజ్ఞుడు ఒకడు ముందు, మరొకడు అందరికన్న వెనుక ఉండాలి. బలవంతుడు నిటారు దారిన కొంత ఎక్కువ చెమటోడిస్తే అతనికి పోయేది లేదు. పైగా అతని బలానికి అదే సార్థకత. బలహీనుడు నిటారు దారిన దిగవలసి వస్తే ఒక ఇంటి దీపమే ప్రమాదంలో పడుతుంది.

దారి ఒకటే అయినా, దానిని ఏ వైపు నుంచి చదవాలో నిర్ణయించుకునే స్వేచ్ఛ మనకు ఉంది. ఆ స్వేచ్ఛను నాణేనికి అప్పగించక, వాలును, రోడ్డును, గాలిని, ఎండను, తోటివారిని పరికించి వినియోగించుకోవాలి. కొండ ఎక్కినవారిని లోకం మెచ్చుకుంటుంది. కాని పదిమందితో బయలుదేరి పదిమందితోనూ ఇల్లు చేరినప్పుడే ఆ వలయం పూర్తవుతుంది.